96 పైసలు ఎక్కడివి? పర్లాకిమిడి జీడిపిక్కల కొట్టులో ఒక కేసు

జూన్ చివరి వారంలో ఒక శనివారం పొద్దున్నే షావుకారు గారు ఫోన్ చేశారు. "మొన్న తొంభై ఆరు వేలు తేడా. నిన్నటికి రెండు లక్షల ఇరవై వేలు అయింది. రోజురోజుకీ పెరుగుతోంది. నువ్వు వచ్చి ఒకసారి చూడు బాబూ, ఆ తర్వాత నేను ఆయనతో మాట్లాడతాను" అన్నారు. ఆయన అంటే గుమాస్తా గారు. ఆ కొట్టులో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాస్తున్న పెద్దమనిషి. ఫోన్ పెట్టేశాక నాకు టెన్షన్ మొదలైంది. ప్రోగ్రామ్ పాడైతే బాగు చేయొచ్చు. మనిషి మీద ఒకసారి మాట పడితే మళ్లీ తుడిచేయలేం.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు కొట్లలో బిల్లింగ్ ప్రోగ్రామ్‌లు చూసిపెట్టడం నా పని. బోర్డులు ఒడియాలో ఉంటాయి, బేరాలు తెలుగులో జరుగుతాయి, కొండ మీంచి సరుకు తెచ్చే సవరల మాటలు కూడా కాటా దగ్గర నాలుగు వినిపిస్తాయి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఈ కొట్టువాళ్లు కొండ ఊళ్లలో జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకి పంపుతారు. బస్తా అంటే 80 కిలోలు. ఏటా ఏప్రిల్ ఒకటి నుంచి కొనుగోలు బిల్లులన్నీ ప్రోగ్రామ్‌లో ఎక్కుతాయి. గుమాస్తా గారు మాత్రం పాత అలవాటు మానుకోకుండా పక్కనే చేత్తో చిట్టా కూడా రాసుకుంటారు. ఆ అలవాటే ఈ కేసులో ఆయన్ని కాపాడింది.

వెళ్లేసరికి గుమాస్తా గారు తన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. తల ఎత్తలేదు. చిట్టా నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించారు. బుధవారం దాకా 191 బిల్లులు, మొత్తం రూ. 2,13,98,250. అక్కడిదాకా కంప్యూటర్ మొత్తం కూడా అదే. గురువారం 192వ బిల్లు: పది బస్తాలు, బస్తా రూ. 12,460 చొప్పున రూ. 1,24,600. చిట్టా ప్రకారం మొత్తం రూ. 2,15,22,850. కంప్యూటర్ తెర మీద మాత్రం −2,14,26,822.96.

ముందున్న ఆ చిన్న గీతని ఎవరూ పట్టించుకోలేదు. ఈ ప్రోగ్రామ్‌లో మనం ఇవ్వాల్సిన డబ్బు కొన్నిచోట్ల మైనస్‌తో కనిపిస్తుంది, ఇదీ అలాంటిదే అనుకున్నారు. గీత వదిలేసి తీసివేస్తే తేడా 96,027 రూపాయల 4 పైసలు. కంప్యూటర్ తప్పు చెప్పదని షావుకారు గారి నమ్మకం. కాబట్టి చిట్టాలో మొత్తం పెంచి రాశారని, ఆ తేడా ఎవరి జేబులోకో వెళ్లిందని ఆయనకి తోచింది. శుక్రవారం 193వ బిల్లు, ఐదు బస్తాలు, రూ. 62,300. చిట్టాలో 2,15,85,150. తెర మీద −2,13,64,522.96. తేడా ఇప్పుడు 2,20,627.04. అనుమానం గట్టిపడిపోయింది.

"రాత్రి నిద్ర లేదు బాబూ. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను" అన్నారు గుమాస్తా గారు. ఆయన చేసిన పరీక్షలు వివరంగా చెప్పాలి. ఈ తరం అకౌంటెంట్లలో చాలామందికి అవి తెలియవు, తెలిసుంటే బాగుండేది.

మొదటిది తొమ్మిది పరీక్ష. అంకెలు తారుమారైతే, అంటే 73కి బదులు 37 రాస్తే, తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగం పోతుంది. పదుల స్థానంలో ఉండాల్సిన అంకె ఒకట్లలోకి వస్తే అది పది రెట్ల నుంచి ఒక రెట్టుకి దిగుతుంది, తొమ్మిది రెట్లు తగ్గుతుంది. రెండో అంకె అలాగే తొమ్మిది రెట్లు పెరుగుతుంది. అందుకని తేడా తొమ్మిదికి గుణిజమే. తేడాలోని అంకెలు కూడి చూస్తే చాలు. గురువారం తేడాని పైసల్లో రాస్తే 9602704. అంకెల మొత్తం 28. తొమ్మిదితో భాగం పోదు. కాబట్టి తారుమారు కాదు.

రెండోది సగం పరీక్ష. జమ వైపు రాయాల్సింది ఖర్చు వైపు రాస్తే తేడా ఆ పద్దుకి రెట్టింపు వస్తుంది. కాబట్టి తేడాని సగం చేసి, ఆ మొత్తం ఉన్న బిల్లు కోసం వెతకాలి. 96,027.04లో సగం 48,013.52. ఆయన 192 బిల్లులూ తిరగేశారు. అలాంటి బిల్లు లేదు. ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ కొట్టులో పైసలు లేవు. ప్రతి బిల్లూ రూపాయిలకి సరిచేసి రాస్తారు.

అక్కడ నేను ఆగాను. బిల్లుల్లో పైసలే లేనప్పుడు మొత్తంలోకి 96 పైసలు ఎక్కడి నుంచి వచ్చాయి? దొంగలెక్క రాసేవాడు కూడా లేని పైసలు పుట్టించడు. పైగా శుక్రవారం బిల్లు ఎక్కాక రూపాయలన్నీ మారాయి, ఆ 96 మాత్రం కదల్లేదు. తేడా కూడా శుక్రవారం సరిగ్గా 1,24,600 పెరిగింది, అంటే శుక్రవారం బిల్లుకి రెట్టింపు. మనిషి చేసిన తప్పుకి ఇంత కచ్చితమైన క్రమం ఉండదు.

"గుమాస్తా గారూ, ఆ మైనస్‌ని మైనస్ గానే పట్టుకుందాం. ఇప్పుడు తేడా ఎంత?" అని అడిగాను.

మైనస్‌ని నిజంగానే మైనస్ అనుకుంటే తీసివేత కాదు, కూడిక చేయాలి. 2,15,22,850.00కి 2,14,26,822.96 కలిపారు. 4,29,49,672.96. శుక్రవారం అంకెలతో మళ్లీ చేశారు. 2,15,85,150.00, 2,13,64,522.96, కలిపితే మళ్లీ అదే 4,29,49,672.96. పెరుగుతున్న తేడా పెరగడం మానేసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

అలవాటు ప్రకారం అంకెలు కూడారు: 58. తొమ్మిదితో పోదు. అలవాటు ప్రకారమే సగం చేసి పైకి చదివారు: "రెండు కోట్ల పద్నాలుగు లక్షల డెబ్బై నాలుగు వేల ఎనిమిది వందల ముప్పై ఆరు రూపాయల నలభై ఎనిమిది పైసలు. ఇంత పెద్ద బిల్లు మన కొట్టులో ఏముంది బాబూ?"

చుక్క తీసేసి పైసల్లో చదివితే 2147483648. కంప్యూటర్ పని చేసే ఎవరికైనా ఈ సంఖ్య సొంత ఊరి పేరులా తెలుసు. 2ని 31 సార్లు వేసుకుని గుణిస్తే వచ్చేది, 2³¹. తేడా మొత్తం 4294967296, అది 2³². దొంగ దొరికాడు, వాడు మనిషి కాదు.

అయినా నా మాట మీద నమ్మమనడం నాకు ఇష్టం లేదు. ఒక పిక్కల సంచి చింపి తెచ్చి, "సగాలు చేస్తూ పోండి" అన్నాను. సగాలు, పావులు, వీసాలు నోటికి వచ్చిన తరం ఆయనది. 4294967296, 2147483648, 1073741824, 536870912, 268435456... పెన్సిల్ ఆగలేదు. 65536 దగ్గరికి వచ్చేసరికి షావుకారు గారు కూడా లేచి వచ్చి వెనక నిలబడ్డారు. 32768, 16384, 8192... చివరికి 4, 2, 1. ఎక్కడా బేసి సంఖ్య అడ్డం రాలేదు. మొత్తం 32 సగాలు. ఏదో ఒక తేడా సొమ్ము ఇలా 32 సార్లు సరిగ్గా సగమవుతూ ఒకటి దాకా దిగడం కాకతాళీయం కానే కాదు. తొమ్మిది పరీక్ష ఎందుకు తప్పిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇందులో 2 తప్ప వేరే ప్రధాన కారణాంకమే లేదు, కాబట్టి మూడుతోనూ పోదు, తొమ్మిదితోనూ పోదు.

ఇక లోపం ఎలా జరిగిందో చెప్తాను. ప్రోగ్రామ్ ఎప్పుడో సీ భాషలో రాసింది. రాసినవారు ఇప్పుడు అందుబాటులో లేరు, వారి పేరు అనవసరం. డబ్బుని రూపాయల్లో దశాంశాలతో కాక మొత్తం పైసల్లో, పూర్ణ సంఖ్యగా దాచారు. అది మంచి నిర్ణయమే. పది పైసలు అంటే పదో వంతు రూపాయి, దాన్ని కంప్యూటర్ 0, 1 మాత్రమే వాడే ద్విసంఖ్యా పద్ధతిలో కచ్చితంగా రాయలేదు. వేల బిల్లులు కూడితే పైసలు అరిగిపోవచ్చు. పూర్ణ సంఖ్యల్లో ఆ బాధ లేదు. కానీ ఆ పూర్ణ సంఖ్యకి ఇచ్చిన చోటు నాలుగు బైట్లు, అంటే 32 బిట్లు. ఒక్కో బిట్టులో 0 గానీ 1 గానీ పడుతుంది. అందులో 4294967296 వేరు వేరు విలువలే పడతాయి. వాటిలో సగం మైనస్‌లకి పోతే, ప్లస్ వైపు అన్నిటికంటే పెద్దది 2147483647. పైసల్లో చూస్తే రూ. 2,14,74,836.47. గత సంవత్సరాల్లో కొట్టు కొనుగోలు ఆ హద్దు దాకా రాలేదు. ఈ ఏడాది 192వ బిల్లు దాన్ని దాటింది.

దాటితే ఆగిపోకుండా మైనస్ ఎందుకు చూపించింది అని షావుకారు గారు అడిగారు. గోడ గడియారం చూపించాను. నాలుగు దాటాక పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, నాలుగున్నర. అక్కడి దాకా గడిచినవి లెక్కపెడతాం. ముల్లు సగం దాటగానే మాట మారుస్తాం: ఐదుకి ఇరవై తక్కువ, పావుతక్కువ ఐదు. ముల్లు ముందుకే వెళ్తోంది, మనం చెప్పే సంఖ్య మాత్రం తగ్గుతూ వస్తుంది. ఆ ప్రోగ్రామ్ చేసింది కూడా ఇదే. దాని పూర్తి చుట్టు 4294967296. సగం దాకా మామూలుగా చదువుతుంది, సగం దాటగానే 'చుట్టుకి ఇంత తక్కువ' అని చదువుతుంది. 2152285000 పైసలు అంటే చుట్టుకి 2142682296 తక్కువ. అదే తెర మీద కనిపించిన −2,14,26,822.96. చుట్టు చివర 96 ఉంది కాబట్టి, చివర 00 ఉన్న ఏ మొత్తం దాటినా 96 పైసలే మిగులుతాయి. బిల్లు ఎక్కినకొద్దీ మైనస్ మొత్తం తగ్గుతుంది, చిట్టా మొత్తం పెరుగుతుంది, కాబట్టి గీత వదిలేసి చూసేవాడికి తేడా బిల్లుకి రెట్టింపు చొప్పున పెరుగుతున్నట్టు కనిపిస్తుంది.

ఫైలు కూడా తెరిచి చూపించాను. గురువారం రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి తీసిన కాపీలో మొత్తం దాచిన నాలుగు బైట్లు పదహారు ఆధారంతో, అంటే పది అంకెలకి బదులు పదహారు గుర్తులతో రాసే పద్ధతిలో, ఇలా ఉన్నాయి: 48 43 49 80. ఈ యంత్రాలు చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం తర్వాత దాచుకుంటాయి. తిప్పి చదివితే 80494348. మామూలు లెక్కలో 2152285000, సరిగ్గా చిట్టాలో ఉన్న మొత్తం. అంటే కంప్యూటర్ లోపల కూడిక తప్పు కాలేదు. కూడిక సరిగ్గానే జరిగింది, మొదటి 80లో ఉన్న పెద్ద బిట్టుని మైనస్ గుర్తుగా చదవడమే తప్పు. చిట్టాకి, ఫైలుకి పైసా తేడా లేదు.

షావుకారు గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గుమాస్తా గారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "నేను అడగకుండానే అనుకున్నాను, తప్పయింది మాస్టారూ" అన్నారు. ఆయన "కంప్యూటర్ కదా, ఎవరైనా అనుకుంటారు" అని చిట్టా మూసేశారు. వాళ్లిద్దరి మధ్య సంగతి అంతే. నాకు మాత్రం అప్పుడు ఊపిరి ఆడింది.

బాగు చేయడం పెద్ద విశేషం కాదు. పాత ఫైళ్ల కాపీ తీసి పక్కన పెట్టాను, మొత్తం దాచే చోటు నాలుగు బైట్ల నుంచి ఎనిమిదికి పెంచాను, కొత్త కంపైలర్‌లో మళ్లీ కట్టాను, 193 బిల్లులూ మొదటి నుంచి కూడించి చిట్టాతో పోల్చాను. ఇప్పుడు హద్దు 9223372036854775807 పైసలు. అది 922 కోట్ల కోట్ల రూపాయల పైమాట. బిల్లు బిల్లుకీ దాచిన సొమ్ముల్లో ఏదీ చెడలేదు, చెడింది కూడిన మొత్తం ఒక్కటే.

సాయంత్రం గుమాస్తా గారు ఇంటికి తీసుకెళ్లారు. ఆయన మనవరాలు ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తాతగారు సంచి మీద చేసిన సగాలన్నీ చూసి, "అయితే మావయ్యా, ఆ హద్దు సంఖ్య 2147483647 చివర 7 ఉంది కదా, అది ప్రధాన సంఖ్యా?" అని అడిగింది. అవును, ప్రధాన సంఖ్యే. కానీ ఆ పిల్లకి అవును అంటే సరిపోదు, ఎలా తెలుసు అని అడుగుతుంది. ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. నా పనిలో ఇంత తృప్తి ఇచ్చిన సాయంత్రాలు ఎక్కువ లేవు.

ముందు ఆ సంఖ్య పేరు గురించి చెప్పాలి. ఒడియాలో ఇరవై తొమ్మిదిని అణతిరిశ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ముప్పై తొమ్మిది అణచాళిశ, నలభైకి ఒకటి తక్కువ. తెలుగు ఇళ్ల పిల్లలు చిన్నప్పుడు బడిలో ఇక్కడే తడబడతారు, మనకి ఇరవై, తొమ్మిది అని విప్పి చెప్పడం అలవాటు. సంస్కృతంలో ఏకోనవింశతి కూడా ఇలాంటిదే. 2147483647ని విప్పి చదివితే దాని స్వభావం ఏమీ తెలియదు. 'అణ' పద్ధతిలో, 2³¹కి ఒకటి తక్కువ అని చదివితే అంతా తెలుస్తుంది. ఇలా రెండు ఘాతానికి ఒకటి తక్కువగా ఉండే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ 1644లో ఏ ఘాతాలకి ఇవి వస్తాయో జాబితా ఇచ్చాడు. అందులో 31 ఉంది, అది సరైనదే. 67 కూడా ఉంది, అది తప్పు. 61ని వదిలేశాడు.

ఘాతం ప్రధాన సంఖ్య అయితే చాలు కదా అని ఆ పిల్ల అనుకుంది. చాలదు. 11 ప్రధాన సంఖ్యే, కానీ 2¹¹కి ఒకటి తక్కువ 2047, అది 23 × 89. 29 ప్రధాన సంఖ్యే, కానీ 536870911 అంటే 233 × 1103 × 2089. ఆ కారణాంకాల్ని జాగ్రత్తగా చూడమన్నాను. 23లోంచి ఒకటి తీస్తే 22, పదకొండుతో పోతుంది. 89లోంచి తీస్తే 88, అదీ పోతుంది. 232, 1102, 2088 మూడూ 29తో పోతాయి. పిల్ల కళ్లు మెరిశాయి. అసలు విషయం అక్కడే ఉంది.

ఎందుకో చెప్పడానికి సంత ఉదాహరణ తీసుకున్నాను. ఒక ప్రధాన సంఖ్య 2147483647ని భాగిస్తుందనుకుందాం. దానితో భాగిస్తూ 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ శేషాలు రాస్తే, 31వ మెట్టులో శేషం 1 వస్తుంది. శేషం 1 వచ్చిన రోజుని సంత రోజు అనుకో. సంత సమాన వ్యవధిలోనే వస్తుంది. ఫెర్మా సూత్రం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యకి ఒకటి తక్కువ రోజున కూడా సంత ఉంటుంది. 31వ రోజున సంత ఉందంటే వ్యవధి 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య, కాబట్టి వ్యవధి ఒక రోజైనా కావాలి, 31 రోజులైనా కావాలి. ఒక రోజు కాదు, మొదటి రోజు శేషం 2 కదా. అంటే సంత సరిగ్గా 31 రోజులకోసారి. కాబట్టి ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే 31తో భాగం పోవాలి. అది బేసి కాబట్టి 62తో పోవాలి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. 31 రోజుల తర్వాత శేషం 1 అయితే 32వ మెట్టులో శేషం 2. కానీ 2³² అంటే 65536 వర్గం. అంటే ఆ ప్రధాన సంఖ్యతో భాగించి శేషాలే చూసే లెక్కలో 2కి వర్గమూలం ఉంది. అలా ఉండాలంటే ఆ ప్రధాన సంఖ్యని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ కావాలి. రెండు కట్టుబాట్లూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చే సంఖ్యలే మిగులుతాయి.

2147483647 వర్గమూలం 46340 పైచిలుకు. అది దాటి వెతకక్కర్లేదు. ఆ హద్దులోపల ఆ రెండు రకాల సంఖ్యలు లెక్కపెడితే, 1ని, ప్రధానం కాని 63ని వదిలేశాక 372. వాటిలోనూ సంయుక్త సంఖ్యలు తీసేస్తే వందలోపే మిగులుతాయి. హద్దులోపలి ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే నాలుగు వేల పైన భాగహారాలు చేయాలి. గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ 1772లో ఈ దారినే 2147483647 ప్రధాన సంఖ్య అని తేల్చాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. 1811లో పీటర్ బార్లో దీంతో వచ్చే పరిపూర్ణ సంఖ్య (తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే తానే వచ్చేది), 2305843008139952128, ఇక ఎప్పటికీ కనుక్కోబోయే వాటిలో పెద్దది అని రాశాడు. 1876లో లూకాస్ 2¹²⁷కి ఒకటి తక్కువ సంఖ్యని ప్రధానమని తేల్చాడు, దానికి 39 అంకెలు.

పిల్ల వెంటనే పెన్సిల్ తీసుకుంది. 249 మూడుతో పోతుంది, తీసేయ్. 311 ప్రధానం. 2147483647ని 311తో భాగిస్తే భాగఫలం 6905092, శేషం 35. తర్వాత 497, 559, 745, 807, 993, 1055, 1241 అన్నీ సంయుక్తాలే. 311 తర్వాత పనికొచ్చేది ఏకంగా 1303. దాంతో శేషం 226. ఆ తర్వాత 1489, శేషం 199. "ఇంత తక్కువ పనా!" అని ఆ పిల్ల అన్నప్పుడు ఆ గొంతులో ఉన్న ఆశ్చర్యం నాకు ఇంకా వినిపిస్తోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హద్దు సంఖ్య ప్రధానం కావడానికి, కొట్టులో జరిగిన లోపానికి సంబంధం ఏమీ లేదు. కొత్త హద్దు 2⁶³కి ఒకటి తక్కువ. 63 మూడుతో పోతుంది కాబట్టి ఆ హద్దు 7తో పోతుంది, అయినా బాగానే పని చేస్తుంది. పాత చుట్టు ఇరుగుపొరుగుల్లోనూ ఒక్కోదాని తీరు వేరు. 4294967295 అంటే 3 × 5 × 17 × 257 × 65537, చదరంగం బల్ల సగం దాకా గింజలు రెట్టింపు చేస్తూ పోస్తే వచ్చే మొత్తం కూడా ఇదే. అటు పక్క 4294967297ని ఫెర్మా ప్రధానం అనుకున్నాడు, ఆయిలర్ 1732లో 641 × 6700417 అని విడగొట్టాడు. 641 ఎలా దొరుకుతుందో చూడటానికి కూడా పెద్ద భాగహారం అక్కర్లేదు. 641 అంటే 5 × 128 + 1, అదే 641 మళ్లీ 625 + 16. మొదటి రూపాన్ని నాలుగో ఘాతానికి ఎత్తి, 625 బదులు −16 పెడితే 2³²కి 1 కలిపినది 641తో పోతుందని తేలిపోతుంది. ఆ పిల్ల దీన్ని రెండుసార్లు రాసి చూసుకుంది.

ఈ సంఖ్య దగ్గర పెద్దవాళ్లు కూడా ఆగారు. ఒక పాట వీడియో చూపుల సంఖ్య ఈ హద్దుని మించిపోతుండటంతో తన లెక్కింపుని 64 బిట్లకి మార్చాల్సి వచ్చిందని 2014 డిసెంబరులో యూట్యూబ్ చెప్పింది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ 32 బిట్లలో దాచుకునే యంత్రాలకి ఆ లెక్క 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండుతుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చాక నాకు అది గుర్తొచ్చి మర్నాడు మళ్లీ కొట్టుకి వెళ్లాను. బిల్లు తేదీ కూడా ఆ ప్రోగ్రామ్‌లో నాలుగు బైట్లే. దాన్ని కూడా మార్చాను. బరువు గ్రాముల్లో దాస్తారు, హద్దు 2147 టన్నుల పైన, ఈ కొట్టుకి అంత సరుకు రాదు. అయినా అదీ మార్చి, మూడింటి హద్దులూ కాగితం మీద రాసి గుమాస్తా గారికి ఇచ్చాను. ఆయన దాన్ని చిట్టా మొదటి పేజీకి అంటించుకున్నారు.

పోయిన వారం మళ్లీ కలిశారు. మనవరాలి నోట్‌బుక్కులో ఇప్పటికి ఇరవై ఏడు భాగహారాలు అయ్యాయట. శేషం సున్నా ఎక్కడా రాలేదు.